బి మైనర్ మాస్: ఒకే డ్యూయెట్, ఇద్దరి చేతుల్లో రెండు రకాల మాటలు. ఏ ఎడిషన్ నమ్మాలి?

ఆల్టోవరస:

అందరికీ నమస్కారం. ప్రశ్న కాస్త పెద్దది, ఓపిక చేసుకుని చదవండి.

నేను జర్మనీలో ఉంటాను. పగలు సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, సాయంత్రాలు చర్చి క్వయర్‌లో (బృందగానంలో) ఆల్టో, అంటే ఆడగొంతుల్లో కింది వరస. ఏడేళ్ళ నుంచి పాడుతున్నాను. ఈసారి 18వ శతాబ్దపు జర్మన్ స్వరకర్త బాఖ్ రాసిన బి మైనర్ మాస్ (చర్చి ఆరాధనలోని లాటిన్ మాటలకు కట్టిన సంగీతం) మొత్తం పాడుతున్నాం. సోలోలకు చాలావరకు బయటి గాయకులు వస్తారు. క్రెడోలో (విశ్వాస ప్రమాణం ఉన్న భాగంలో) ‘ఎత్ ఇన్ ఊనుమ్ దోమినుమ్’ అనే డ్యూయెట్, అంటే ఇద్దరు కలిసి పాడేది, మాత్రం మా డైరెక్టర్ నాకూ, పై గొంతు పాడే మా సొప్రానోల్లో ఒకావిడకూ ఇచ్చారు. ఇంత పెద్ద అవకాశం నాకు ఇదే మొదటిసారి.

క్వయర్ పుస్తకాలు రావడానికి ఇంకా టైముందన్నారు. నాకు ఆగబుద్ధి కాలేదు. నెట్‌లో వెతికితే ఆ ఒక్క డ్యూయెట్‌నే ఎవరో కొత్తగా టైప్ చేసి పెట్టిన పీడీఎఫ్ దొరికింది. అచ్చు పెద్దది, శుభ్రంగా ఉంది. ప్రింట్ తీసుకుని మూడు వారాలు కూర్చుని కంఠతా పట్టాను.

మొన్న మంగళవారం ఇద్దరం పియానో దగ్గర మొదటిసారి కలిసి పాడాం. మొదట్లో బాగానే నడిచింది. పోనుపోను మాటలు విడిపోయాయి. చివరికొచ్చేసరికి ఆవిడ ‘దెషెందిత్ దె చేలిస్’, అంటే పరలోకం నుంచి దిగివచ్చెను అని పాడుతోంది. నేను ‘ఎత్ హోమో ఫాక్తుస్ ఎస్త్’, మనుష్యుడాయెను అంటున్నాను. స్వరాలు దాదాపు అవే. మాటలే వేరు. డైరెక్టర్ పియానో ఆపి నా కాగితాలు తీసుకుని ముందూ వెనకా తిప్పి, “దీని ఎడిటర్ ఎవరు?” అని అడిగారు. ఎక్కడా పేరు లేదు. ఏ ప్రతి చూసి టైప్ చేశారో ఒక్క ముక్క కూడా లేదు. మూడు వారాలు పట్టిన పాఠం మళ్ళీ మొదటినుంచి పట్టాలా అని కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

నేను తెలుసుకోవాలనుకుంటున్నవి రెండు. మా ఇద్దరిలో ఎవరు పాడింది బాఖ్ రాసింది? రెండోది, 19వ శతాబ్దపు పూర్తి స్కోర్లు (అన్ని గొంతులూ, వాద్యాలూ కలిపి రాసిన స్వరలిపి) నెట్‌లో ఊరికే దొరుకుతుంటే, డబ్బు పెట్టి కొత్త ఎడిషన్ కొనడంలో నిజంగా తేడా ఉంటుందా, లేక అచ్చు అందంగా ఉండటమేనా?

బేస్‌గొంతు:

క్వయర్ అంతా ఏది వాడుతుంటే అదే కొనండి. మరో మాట లేదు. డైరెక్టర్ “47వ బార్ (తాళపు గడి) నుంచి” అన్నప్పుడు మీరు పేజీలు తిప్పుకుంటూ కూర్చోకూడదు కదా. ఏది బాఖ్ రాసింది అన్న సంగతి నాకన్నా బాగా దస్తూరి గారు చెప్పగలరు, ఆయన పాత సంగీత ప్రతుల్ని పరిష్కరించే పనిలోనే ఉన్నారు.

దస్తూరి:

ఆల్టోవరస గారూ, ముందు ఒక్క మాట. మీ మూడు వారాలు వృథా కాలేదు. మీరు పాడినవి బాఖ్ మాటలే, ఆవిడ పాడినవీ బాఖ్ మాటలే. ముందు రాసింది మీ చేతిలో ఉంది, తర్వాత మార్చింది ఆవిడ చేతిలో ఉంది.

జరిగింది ఇది. బాఖ్ ఈ మాస్‌ని పూర్తిచేసింది జీవితం చివర్లో, 1748, 49 ప్రాంతంలో. క్రెడో రాసేటప్పుడు మొదట ‘హోమో ఫాక్తుస్ ఎస్త్’ దాకా ఉన్న మాటలన్నీ ఈ డ్యూయెట్‌లోనే సర్దాడు. తర్వాత మనసు మార్చుకుని, ఆ చివరి మాటలు, అంటే ‘ఎత్ ఇన్కార్నాతుస్’ (శరీరధారి ఆయెను) నుంచి ఉన్నవాటిని అయిదు గొంతుల కోరస్‌గా విడిగా కట్టాడు. దాన్ని వేరే కాగితం మీద రాసి మధ్యలో చేర్చాడు. అప్పుడు ఆ మాటలు కోరస్‌కి వెళ్ళిపోయాయి కాబట్టి, మిగిలిన కొద్ది మాటల్నే డ్యూయెట్ మొత్తానికీ పరచాలి. స్కోర్‌లో కొట్టివేసి రాయకుండా, రెండు గొంతుల వరసల్నీ కొత్త మాటలతో క్రెడో చివర మళ్ళీ రాసి, పైన ‘దువో వోచెస్ ఆర్తికులి 2’ (రెండో అంశపు రెండు గొంతులు) అని శీర్షిక పెట్టాడు. అంటే ఆయన చేతిరాత ప్రతిలోనే రెండు పాఠాలూ ఉన్నాయి. డ్యూయెట్ ఉన్న పేజీలు మాత్రమే చూసి దించుకున్నవాళ్ళకు పాతది వస్తుంది. వెనక పేజీలు కూడా చూసినవాళ్ళకు కొత్తది వస్తుంది. మీ పీడీఎఫ్ చేసినవారు ముందు పేజీల దగ్గరే ఆగిపోయి ఉంటారు. ఆగడం తప్పు కాదు. ఆగిన సంగతి చెప్పకపోవడమే తప్పు.

మీరు మాస్ మొత్తం పాడుతున్నారు కాబట్టి మార్చిన పాఠమే పాడాలి. లేకపోతే మీరు ‘ఇన్కార్నాతుస్’ మాటలన్నీ పాడి ముగించగానే కోరస్ మళ్ళీ ‘ఇన్కార్నాతుస్’ అని ఎత్తుకుంటుంది. కానీ మీ కాగితాలు పారేయకండి. ‘దెషెందిత్’ అన్నచోట వయొలిన్లు మెట్లు దిగినట్టు కిందికి జారడం పాత పాఠంలో చెవికి తెలుస్తుంది. మాటలు మార్చాక ఆ మాట ఆ చోటునుంచి జరిగిపోయింది, దిగడం మాత్రం వయొలిన్లలో అలాగే ఉండిపోయింది. పాత పాఠం తెలియనివాళ్ళకు అక్కడ వాద్యాలు ఎందుకు దిగుతున్నాయో అర్థం కాదు. మీకు అర్థమవుతుంది.

ఇక మీ రెండో ప్రశ్న. అదే డ్యూయెట్ మొదటి బార్ తీసుకుందాం. పై వాద్యాలు ఒక వరస ఎత్తుకోగానే, ఒక్క బీటు వెనకే రెండో జత అదే స్వరాలతో వెంటపడుతుంది. స్వరాలు ఒకటే. కానీ ముందు వచ్చేవాళ్ళకు బాఖ్ చుక్కలు పెట్టాడు, తునిగేలా వాయించమని. వెనక వచ్చేవాళ్ళకు అవే స్వరాల మీద స్లర్ గీశాడు, కలిపి వాయించమని. తండ్రి, కుమారుడు ఒకే తత్వం కాని ఇద్దరు వ్యక్తులు అన్న మాటకు ఇది గుర్తని చాలామంది వ్యాఖ్యానిస్తారు. ఆ వ్యాఖ్యానం మీరు ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా తేడా కాగితం మీద ఉంది. ‘ఒకే వరసకి రెండు రకాల గుర్తులా, నకలు రాసేటప్పుడు పొరపాటు పడి ఉంటాడు’ అనుకుని ఒక పరిష్కర్త (ఎడిటర్) రెండింటినీ సమానం చేసేశాడనుకోండి. మీకు తెలిసే దారి ఏది? వెనక పేజీల్లో ‘ఇక్కడ మూలంలో ఇలా ఉంది, నేను ఇలా మార్చాను’ అని ఒక వాక్యం ఉంటేనే తెలుస్తుంది. నేను డబ్బు పెట్టేది ఆ వాక్యానికే.

ఈ మాస్ విషయంలో ఆ వాక్యాలు రాయడం ఎంత కష్టమో చెప్తాను. 1750లో బాఖ్ పోయాక చేతిరాత ప్రతి ఆయన కొడుకు కార్ల్ ఫిలిప్ ఇమ్మాన్యుయేల్‌కి చేరింది. ఆయన 1786లో హాంబుర్గ్‌లో క్రెడో భాగాన్ని కచేరీలో పాడించాడు. తండ్రి ప్రతిలోనే, తండ్రి రాతమీదే, అక్కడక్కడా దిద్దాడు. అది అగౌరవం కాదు, ఆ రోజుల్లో కచేరీకి పనికొచ్చేలా చేసుకోవడం అందరూ చేసేదే. కానీ ఇప్పుడు ఒక గీత చూస్తే అది తండ్రిదా కొడుకుదా అన్నది కంటికి తేలదు. పైగా ఆ ఇంకులోని ఇనుము కాగితాన్ని తినేసింది. ఈమధ్య పరిశోధకులు ఎక్స్-రే ఫ్లోరెసెన్స్ అనే పద్ధతితో ఇంకు పరీక్షించారు. ఇంకుల్లో ఇనుముతో పాటు రాగి, జింక్, మాంగనీస్ లాంటివి వేరువేరు పాళ్ళలో ఉంటాయి. ఆ పాళ్ళు కొలిచి, ఫలానా స్వరం ఏ ఇంకుతో రాసిందో చెప్పగలిగారు. ఒక్క స్వరం ఎవరిదో తేల్చడానికి అంత పని! ఆ ఫలితాలతో ఊవె వోల్ఫ్ చేసిన పరిష్కరణ 2010లో నొయె బాఖ్ ఔస్‌గాబె (బాఖ్ రచనల కొత్త సంపుటాలు) వరసలో వచ్చింది. దానికి ముందు 2006లో జాషువా రిఫ్కిన్ కొడుకు చేతిని వీలైనంత పక్కన పెట్టి, తండ్రి చివరిగా వదిలిన పాఠాన్ని పట్టుకోవాలని ఒక పరిష్కరణ చేశాడు.

అదే నొయె బాఖ్ ఔస్‌గాబెలో 1954లో ఫ్రీడ్రిష్ స్మెండ్ చేసినదీ ఉంది. పేరు పెద్దది, వరస పెద్దది. కానీ డ్రెస్డెన్‌లో ఉన్న విడి పార్టులకు (ఒక్కో గొంతుకీ, వాద్యానికీ వేరుగా రాసిన కాగితాలకు) ఆయన విలువ ఇవ్వలేదు, కొద్ది ఏళ్ళలోనే తోటి పండితులు తప్పుపట్టారు. ఆ పార్టులు 1733లో మాస్ మొదటి రెండు భాగాలైన కిరియె, గ్లోరియాల్ని డ్రెస్డెన్ పాలకుడికి సమర్పించినప్పుడు బాఖ్ స్వయంగానూ ఇంటివాళ్ళ సాయంతోనూ రాసినవి. స్కోర్‌లో లేని సంగతులు వాటిలో ఉన్నాయి. ‘దోమినె దెయుస్’లో ఫ్లూట్ స్వరాలు స్కోర్‌లో సమానంగా ఉంటే, డ్రెస్డెన్ పార్టులో మొదట్లో పొట్టి-పొడుగు, పొట్టి-పొడుగుగా కుంటినడకతో ఉంటాయి. నడకే మారిపోయింది! కాబట్టి కవర్ మీది పేరు చూసి, వరస పేరు చూసి కూడా నమ్మేయకూడదు. ఏ సంవత్సరంది, ఎవరు చేశారు, ఏ మూలాలు చూశారు అని అడగాలి.

మీకు ఊరికే దొరికే పాత స్కోర్ బహుశా బాఖ్-గెజెల్‌షాఫ్ట్ (బాఖ్ సంఘం) వాళ్ళది అయి ఉంటుంది. వాళ్ళమీద నాకు ఎంతో గౌరవం, 1851 నుంచి 1899 వరకు కూర్చుని బాఖ్ రచనలన్నీ అచ్చు వేశారు. కానీ 1856లో ఈ మాస్ వేసేటప్పటికి చేతిరాత ప్రతి వాళ్ళ చేతికి రాలేదు. జూరిచ్‌లో నేగెలి అనే ప్రచురణకర్త 1805లో దాన్ని కొన్నాడు, తర్వాత అది ఆయన కుటుంబం దగ్గర ఉంది. అది దొరికాక 1857లో సరిదిద్ది మళ్ళీ వేశారు. మీ దగ్గరున్న ఆ పాత స్కోర్ పీడీఎఫ్ ఏ ముద్రణో చూశారా?

ఈ పట్టింపు నాకు ఊరికే రాలేదు. చాలా ఏళ్ళ కిందట 17వ శతాబ్దపు లాటిన్ మోటెట్ (చర్చి బృందగీతం) ఒకటి విడి పార్టుల నుంచి స్కోర్ కట్టాను. ఒక ముగింపు దగ్గర ఆల్టోకి షార్ప్ (స్వరాన్ని అర మెట్టు పెంచే గుర్తు) ఉండాలని అనిపించింది. ఎవరైనా అక్కడ పెడతారు అనుకుని పెట్టేశాను. బ్రాకెట్ పెట్టలేదు, చిన్న అచ్చులో వేయలేదు, వెనక రాయలేదు. కచేరీ రోజు ఆర్గనిస్ట్ తన దగ్గరున్న మూలం నకలు చూసి వాయించారు. అందులో ఆ బేస్ స్వరం మీద ఫ్లాట్ (తగ్గించే) గుర్తు ఉంది, అంటే అక్కడ మైనర్ కార్డ్ (కలిపి మోగే స్వరాల గుంపు). క్వయర్ మేజర్ పాడింది, ఆర్గాన్ మైనర్ పలికింది. రాతి గోడల చర్చిలో ఆ అపశ్రుతి ఎంతసేపు మోగిందో నాకిప్పటికీ చెవిలో ఉంది. ఆల్టోలు తమదే తప్పనుకుని తల వంచుకున్నారు. తప్పు నాది. ఆ రోజు నుంచి నేను చేర్చిన ప్రతి గుర్తూ పాడేవాళ్ళకు కనబడేలా వేస్తాను.

పెడల్‌స్వరం:

ఆర్గాన్ వాయించేవాడిగా ఒక మాట చేరుస్తాను. వోకల్ స్కోర్‌లో (గాయకులు వాడే పుస్తకంలో) మీ వరస కింద కనబడే పియానో భాగం బాఖ్ రాసింది కాదు. రిహార్సల్‌కి పనికొచ్చేలా ఆర్కెస్ట్రాని ఎవరో రెండు చేతుల్లోకి కుదించింది. దాన్ని చూసి ‘ఇక్కడ బాఖ్ ఇలా అన్నాడు’ అని నిర్ణయాలు చేయకండి. చాలామంది క్వయర్ డైరెక్టర్లే చేస్తారు.

ఫిగర్డ్ బేస్ (ఏ కార్డులు వాయించాలో బేస్ వరస మీద అంకెలతో సూచించడం) సంగతి ఇంకా చిక్కు. గ్లోరియా వరకు డ్రెస్డెన్ పార్టుల్లో కంటిన్యువో (ఆర్గాన్ వాయించే బేస్ వరస) మీద అంకెలు ఉన్నాయి. క్రెడోకి బాఖ్ తయారుచేసిన పార్టులు లేవు. అందుకని అక్కడ ఎడిషన్‌లో అంకెలు కనబడితే అవి ఎక్కడివి అని తప్పకుండా చూస్తాను. కొడుకు కచేరీకి వేసినవా, ఇప్పటి పరిష్కర్త వేసినవా? మంచి ఎడిషన్‌లో ఇది కంటికే తెలుస్తుంది. తెలియని ఎడిషన్ నాకిస్తే బేస్ వరస మాత్రం ఉంచుకుని, పైన ఉన్న కార్డులు నేనే కట్టుకుంటాను.

ఆల్టోవరస:

దస్తూరి గారూ, మీ జవాబు రాత్రి రెండుసార్లు చదివాను. చాలా థాంక్సండీ. వయొలిన్లు దిగడం గురించి చదివాక రికార్డింగ్ పెట్టుకుని విన్నాను, నిజంగానే ఉంది! ఇన్నాళ్ళూ నేను వినిపించుకోలేదు.

నా పాత స్కోర్ పీడీఎఫ్ తెరిచి చూశాను. మొదటి పేజీ స్కాన్‌లో లేదు, సంవత్సరం తెలియడం లేదు. వదిలేశాను.

ఇంకో సందేహం. చేతిరాత ప్రతి మనలాంటివాళ్ళు చూడొచ్చా? చూస్తే అర్థమవుతుందా, లేక అది పండితులకేనా? అలాగే కొత్త వోకల్ స్కోర్ ఒక్కటి కొని సొప్రానో ఆవిడకు కాపీ తీసిస్తే పర్వాలేదా?

దస్తూరి:

చూడొచ్చు. అసలు ప్రతి బెర్లిన్ స్టేట్ లైబ్రరీలో ఉంది. 2015లో యునెస్కో మెమరీ ఆఫ్ ద వరల్డ్ జాబితాలో చేరింది. స్కాన్‌లు బాఖ్ డిజిటల్ వెబ్‌సైట్‌లో ఊరికే చూడొచ్చు, ఎంత కావాలంటే అంత పెద్దది చేసుకోవచ్చు.

చదవడం మొదట్లో కష్టమే. మీ ఆల్టో వరస మీకు అలవాటైన ట్రెబుల్ క్లెఫ్‌లో (ఏ గీత ఏ స్వరమో చెప్పే మొదటి గుర్తు) ఉండదు, సి క్లెఫ్‌లో ఉంటుంది. నడిమి గీత మీద సి అని పెట్టుకుని చదవండి. రెండు మూడు రోజుల్లో కన్ను అలవాటు పడుతుంది. ఇంకొకటి, షార్ప్, ఫ్లాట్ గుర్తులు ఇప్పటిలా బార్ చివరిదాకా వర్తిస్తాయని అనుకోవద్దు. ఆ కాలపు రాతలో మామూలుగా గుర్తు పక్కనున్న స్వరానికే, తర్వాత కావాలంటే మళ్ళీ పెడతారు. ఇప్పటి అచ్చులోకి మార్చేటప్పుడు పరిష్కర్తలు ఎక్కువగా జారేది అక్కడే, నేను కూడా జారింది అక్కడే.

ఆల్టోలకు నచ్చే పేజీ ఒకటి చెప్తాను. శాంక్తుస్ (‘పరిశుద్ధుడు’ అని మొదలయ్యే భాగం) తీయండి. 1724లో మొదట రాసినప్పుడు అది మూడు సొప్రానోలు, ఒక ఆల్టో. మాస్‌లో చేర్చేటప్పుడు రెండు సొప్రానోలు, రెండు ఆల్టోలు చేశాడు. మీ వరసకి ఒక గొంతు పెంచాడు.

బేస్‌గొంతు:

కాపీ సంగతి నేను చెప్తాను, మా క్వయర్‌లో స్వరలిపి పుస్తకాల లెక్క నేనే చూస్తాను. జర్మనీలో స్వరలిపికి ఫొటోకాపీ నిబంధన మామూలు పుస్తకాలకన్నా గట్టిది. చేత్తో రాసుకోవడం వేరు, మిషన్ మీద తీయడానికి హక్కుదారుల అనుమతి ఉండాలి. బాఖ్ పోయి ఎన్నేళ్ళయినా సరే, పండితుల పరిష్కరణకు వెలువడిన నాటినుంచి 25 ఏళ్ళు విడిగా రక్షణ ఉంటుంది. ఇంగ్లండ్‌లో ఇలాంటి కేసే కోర్టుకు వెళ్ళింది. ఫ్రెంచ్ స్వరకర్త లలాండ్ మోటెట్లకు లియొనెల్ సాకిన్స్ చేసిన ఎడిషన్లు వాడి హైపీరియన్ అనే రికార్డు కంపెనీ వాళ్ళు సీడీ వేశారు. పరిష్కర్త శ్రమకు కాపీరైట్ ఉంటుందని 2005లో అప్పీల్ కోర్టు తేల్చింది. ఆవిడకు కూడా ఒకటి కొనండి.

ఆల్టోవరస:

అప్‌డేట్. రెండు కొన్నాం. వెనక పేజీల్లో మా డ్యూయెట్ గురించి వేరుగా రాసి ఉంది, పాత మాటలు కూడా ఇచ్చారు. సొప్రానో ఆవిడ నా కన్నా ముందే చదివేసి ఫోన్ చేసింది.

నిన్న రిహార్సల్ అయ్యాక డైరెక్టర్‌కి దస్తూరి గారు చెప్పిందంతా చెప్పాను. ఆయన ఏమీ అనకుండా పియానో మూత మళ్ళీ తీసి, “పాత మాటలతో ఒకసారి పాడండి, నేను వయొలిన్ల వరస వాయిస్తాను” అన్నారు. ఈసారి సొప్రానో ఆవిడ నా కాగితాల్లోకి తొంగి చూస్తూ పాడింది. ‘దెషెందిత్’ దగ్గర ఆయన కుడిచెయ్యి పైనుంచి కిందికి దిగింది. ముగ్గురం ఆగి, ఆ నాలుగు బార్లూ మళ్ళీ పాడాం. తర్వాత పెన్సిల్ తీసుకుని కొత్త స్కోర్‌లో ఆ చోట, మారిన మాట పైన, చిన్నగా ‘వయొలిన్లు విను’ అని రాసుకున్నాను. వచ్చే మంగళవారం నుంచి ఆర్కెస్ట్రాతో రిహార్సల్.